తీసివేతకు ముందు ఇస్త్రీ

"ఒరేయ్, ముందు ఆ చొక్కా గుండీ పెట్టుకో. అరెస్టులు తర్వాత చేద్దువుగాని."

మెదడు స్కానుల ల్యాబు గుమ్మంలో నిలబడి, తడిసిన గొడుగు ముడుస్తూ డిటెక్టివమ్మ అన్న మొదటి మాట అది. లోపలున్న ఇద్దరు కానిస్టేబుళ్ళు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. ఇన్‌స్పెక్టరు గబగబా గుండీ తడుముకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, రౌడీలు పేరు వింటేనే సందు మార్చే మనిషి, అక్క కంటపడితే మాత్రం పలక పట్టుకున్న పిల్లాడైపోతాడు. వాడికి చెవి మెలిపెట్టి ఎక్కాలు నేర్పింది ఆవిడే. వేలిముద్రల ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఆవిడ, ఇంట్లో కాలు నిలవక ఈ డిటెక్టివు పని పెట్టుకుంది. ఆ రోజు నుంచి తమ్ముడికి మనశ్శాంతి కరువైంది.

"అక్కా, ఇది పోలీసు కేసు."

"తెలుసు. అందుకే మీరు చెడగొట్టకముందే వచ్చాను."

"నిన్నెవరు పిలిచారు?"

డిటెక్టివమ్మ గొడుగు కొసతో వరండా వైపు చూపించింది. బెంచీ మీద ఒక పెద్దావిడ ఐదు నెలల పసివాణ్ణి భుజాన వేసుకుని జోకొడుతోంది. ల్యాబులో అనుమానం ఎవరి మీద పడిందో ఆ అమ్మాయికి అత్తగారు. పొద్దున్నే డిటెక్టివమ్మ ఇంటికి వచ్చి ఆవిడ చెప్పింది రెండే మాటలు. "మా కోడలు అన్నం మాడ్చిందంటే నమ్ముతాను. లెక్క తప్పిందంటే మాత్రం నమ్మను."

గోడ గడియారంలో పదీ పది అయింది.

"సరే, ఏం జరిగిందో నువ్వు చెప్పు," అంది డిటెక్టివమ్మ కుర్చీ లాక్కుంటూ.

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు. "పై అంతస్తులో ఏడేళ్ళ పాప ఉంది. ఫిట్స్. మందులకి లొంగడంలేదు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి తలకి ఆపరేషను. ఎక్కడ కొయ్యాలో ఈ ల్యాబు ఇచ్చే మ్యాపు చూసి డాక్టరు తేల్చుకుంటాడు. ఆ మ్యాపు చేసేది ఈ అమ్మాయి. బుధవారం తను చేసిన మ్యాపులో ఫిట్స్ పుట్టించే మచ్చ ఎడమ చెవికి పైన, ముందు వైపు ఉందంటుంది. రికార్డులో ఉన్న మ్యాపు నిన్న సాయంత్రం ఐదూ ఇరవై ఎనిమిదికి చేసింది. అందులో మచ్చ తల వెనక ఉంది. బుధవారం ఫైలు లేదు, చెరిపేశారు. ఈమె కంప్యూటరు నుంచే, ఈమె పాస్‌వర్డుతోనే. మొదట తప్పు చేసి, తర్వాత గుట్టుగా దిద్దుకుని, ఇప్పుడు నేను కాదంటోంది. ప్రొఫెసరుగారు కంప్లయింటు ఇచ్చారు."

"ఆ అమ్మాయి చెప్పేదే నిజమైతే?"

ఇన్‌స్పెక్టరు గడియారం వైపు చూశాడు.

"నిజమైతే, రెండింటికి ఏడేళ్ళ పిల్ల తలలో ఏ రోగమూ లేని చోట కత్తి పెడతారురా. డాక్టరుకి చెప్పారా?"

"చెప్పాను. మొదటి మ్యాపు కాగితం మీద చూపించండి, ఆపుతానన్నాడు. ఉత్త మాటల మీద ఆపనన్నాడు. పిల్లకి ఈ వారంలోనే మూడుసార్లు ఫిట్స్ వచ్చాయిట. రికార్డులో ఉన్న మ్యాపు మీద ప్రొఫెసరు సంతకం ఉంది."

"మళ్ళీ లెక్క కట్టొచ్చుగా?"

"పొద్దున్న ఎనిమిదింటికి మొదలెట్టారు. స్కాను నుంచి మెదడు పైపొర గీయడానికే మిషనుకి తొమ్మిది గంటలు పడుతుందిట."

అంటే సాయంత్రం ఐదు. రెండింటికి ఆపరేషనైతే ఐదింటికి వచ్చే నిజంతో ఎవరికీ పని లేదు. డిటెక్టివమ్మ లేచింది.

*

కాగితాల కట్టలుండే చిన్న గదిలో స్టూలు మీద కూర్చుని ఉంది ఆ అమ్మాయి. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. కళ్ళ కింద నల్లటి చారలు. ఏడ్చిన మొహం కడుక్కుని మళ్ళీ ఏడ్చినట్టుంది. డిటెక్టివమ్మ ఎదురుగా కాగితాల కట్ట మీదే కూర్చుంది.

"బాబు పాలు తాగాడు, నిద్రపోయాడు. నీ అత్తగారు వరండాలో కాపలా ఉన్నారు. ఆ బెంగ పెట్టుకోకు. ఇప్పుడు నాకు నీ పని అరటిపండు ఒలిచినట్టు చెప్పు. నేను లెక్కలంటే భయపడే మనిషిని కాదు."

అమ్మాయి ముక్కు తుడుచుకుంది. పని పేరెత్తగానే గొంతు కాస్త కుదుటపడింది.

"మెదడు పైపొర ముడతలు ముడతలుగా ఉంటుంది కదమ్మా. మిషను దాన్ని చుక్కల వలలాగా గీస్తుంది. ఒక్కో పక్క లక్షా అరవై వేల పైచిలుకు చుక్కలు. ప్రతి చుక్క దగ్గరా పొర ఎంత మందం ఉందో ఒక అంకె. పాప అంకెల్లోంచి, ఆరోగ్యంగా ఉన్న పిల్లల సగటు అంకెలు తీసేస్తాం. ఈ చుక్కలోంచి ఆ చుక్క, వరసగా. మిగిలిందే తేడా. ఎక్కడ తేడా ఎక్కువుంటే అక్కడ ఎరుపు."

"ఆ తర్వాత?"

"ఆ తేడాలో చిన్న చిన్న గరుకులుంటాయి. మిషను తప్పులు, పిల్ల కదిలిన తప్పులు. అందుకని ప్రతి చుక్కనీ చుట్టుపక్కల చుక్కలతో కలిపి సగటు చేస్తాం, నునుపవుతుంది. ల్యాబులో దాన్ని ఇస్త్రీ అంటాం. ఐదు మిల్లీమీటర్ల మేర చేస్తే ఇస్త్రీ ఐదు. నేనెప్పుడూ ఐదే చేస్తాను. పాప మచ్చ చిన్నది, గట్టిగా రుద్దితే చుట్టుపక్కల కలిసిపోతుంది."

"నిన్న సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకా ఎక్కడున్నావు?"

"కింద గేటు పక్క గదిలో. రోజూ ఐదింటికి అత్తయ్య బాబుని తీసుకొస్తారు, పాలిస్తాను."

తలుపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "సాక్షి అత్తగారొక్కరే."

"కోడలి కోసం అబద్ధమాడే అత్తని నీ సర్వీసులో ఎంతమందిని చూశావురా?" అంది డిటెక్టివమ్మ తల తిప్పకుండానే. "అమ్మాయ్, నీ పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

అమ్మాయి తలొంచుకుంది. "బాబు పుట్టినరోజు పెట్టాను. ల్యాబులో అందరికీ తెలుసు."

"అందరూ అంటే?"

"ఉన్నదే ముగ్గురం. ప్రొఫెసరుగారు, నేను, కింద స్కాను మిషను నడిపే బాబాయ్."

"ప్రొఫెసరు నిన్న నాలుగున్నర నుంచి ఆరు దాకా సర్జన్‌తో మీటింగులో ఉన్నాడు. ఎనిమిది మంది చూశారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మరి బాబాయ్?"

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఆయనకి లెక్కలు రావక్కా. మిషను నొక్కుతాడు, అంతే. పైగా ఆ పాపంటే ఆయనకి ప్రాణం."

డిటెక్టివమ్మ ఆ మాట విని ఊరుకుంది. కానీ వినడం మాత్రం విన్నది.

*

అమ్మాయి బల్ల కిటికీ పక్కన ఉంది. నిన్న సాయంత్రం ఎవరో కూర్చున్న కుర్చీ, ఎవరో నొక్కిన మీటలు. వేలిముద్రల పొడి అప్పటికే చల్లారు. అమ్మాయివి తప్ప అన్నీ అలుక్కుపోయాయి. ఆ పొడి చల్లిన తీరు చూసి డిటెక్టివమ్మ తల కొట్టుకోబోయి, తమ్ముడి మొహం చూసి మానుకుంది.

"నిన్న సాయంత్రం ఏమేం చేశారో చూపించమ్మా."

అమ్మాయి ఏదో నొక్కింది. తెర మీద వరసగా పంక్తులు వచ్చాయి. డిటెక్టివమ్మ ముందుకి వంగి పైకి చదివింది. "ఐదూ పద్నాలుగు, పాప మ్యాపుకి ఇస్త్రీ ముప్పై. ఐదూ పంతొమ్మిది, అందులోంచి సగటు తీసివేత. ఐదూ ఇరవై ఎనిమిది, పాత పేరుతోనే భద్రం." చదివి ఆగిపోయింది. చేతిసంచీ తెరిచి లోపలికి చూసింది. కళ్ళద్దాల పెట్టె మూత వేసినట్టే ఉంది.

"ఒరేయ్, నాకు చత్వారం వచ్చి ఎన్నాళ్ళయింది?"

"పదిహేనేళ్ళు. పెళ్ళిపత్రిక కూడా నాచేత చదివించుకుంటావు."

"మరి ఇదెలా చదివాను?"

ఇన్‌స్పెక్టరు అప్పుడు చూశాడు. తెర మీద తాటికాయంత అక్షరాలు. పక్కన ప్రొఫెసరు తెర మీద చీమల బారులా ఉన్నాయి.

"పొద్దున్న వచ్చేసరికి ఇలాగే ఉందమ్మా," అంది అమ్మాయి. "నిద్ర లేక నేనే ఏదో నొక్కానేమో అనుకున్నాను. అయినా అది కాదు..." ఆమె వేలితో మొదటి పంక్తి చూపించింది. "ఇస్త్రీ ముందు చేశారు. అదీ పాపకొక్కదానికే. సగటుకి చెయ్యలేదు. పైగా పాత పేరుతో దాచారు. అంటే పాప అసలు అంకెల మీదే ఇది రాసేశారు."

"దానికీ మచ్చ వెనక్కి పోవడానికీ సంబంధమేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివమ్మ ఒక కాగితం తీసి, తొమ్మిది అంకెలు రాసింది. రాస్తున్నంతసేపూ అమ్మాయి మొహం చూస్తూ, అది సరేనన్నట్టు ఊగాకనే తర్వాతి అంకె వేసింది.

"ఇది పాప. నాలుగు, నాలుగు, ఏడు, నాలుగు, నాలుగు, నాలుగు, ఒకటి, నాలుగు, నాలుగు. మూడో చోట ఏడుందే, అది మచ్చ. ఏడో చోట ఒకటుందే, అది రోగం కాదు. అక్కడ అందరికీ పొర పలచనే. ఔనా అమ్మాయ్?"

"ఔనమ్మా. తల వెనక, చూపు ఉండే చోట."

"ఇది సగటు. నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు, ఒకటి, నాలుగు, నాలుగు. తమ్ముడూ, తీసెయ్యి."

"మూడో చోట మూడు మిగిలింది. మిగతావన్నీ సున్న."

"శభాష్. మచ్చ మూడో చోటే. ఇప్పుడు పాపకొక్కదానికే ఇస్త్రీ చేద్దాం. ప్రతి అంకెనీ అటు ఒకటి, ఇటు ఒకటి కలిపి మూడుతో భాగించు."

ఇన్‌స్పెక్టరు పెన్ను తీసుకున్నాడు. చెవి మెలిపెట్టకపోయినా ఎందుకైనా మంచిదని కాస్త దూరంగా జరిగాడు. "ఏడు తగ్గి ఐదైంది. పక్కవి రెండూ కూడా ఐదే. ఒకటి పెరిగి మూడైంది. దాని పక్కవి మూడు."

"ఇప్పుడు ఇస్త్రీ లేని సగటు తీసెయ్యి."

పెన్ను నడిచింది, ఆగింది. "అసలు మచ్చ దగ్గర ఒకటే మిగిలింది. ఏడో చోట రెండు." తలెత్తాడు. "ఏమీ లేని చోట పెద్ద అంకె వచ్చింది."

"దానికి అటూ ఇటూ?"

"సున్నకంటే ఒకటి తక్కువ. రెండు పక్కలా."

"అమ్మాయ్, ఎక్కువైతే ఎరుపన్నావు. తక్కువైతే?"

"నీలం." అమ్మాయి పరుగున వెళ్ళి రికార్డు మ్యాపు తెర మీదకి తెచ్చి, మెదడు బొమ్మని చివరిదాకా తిప్పింది. పైనుంచి చూస్తే ఏమీ లేదు. లోపలి ముఖం తిప్పేసరికి, వెనక మూల ఎర్రటి చుక్క. దాని చుట్టూ నీలం అంచు, గీసినట్టుగా ఉంది.

పదకొండుకి మూడు నిమిషాలుంది.

"ప్రొఫెసరు ఇది చూడకుండానే సంతకం పెట్టాడా?" అంది డిటెక్టివమ్మ.

"నునుపుగా ఉంది కదమ్మా. నునుపుగా ఉంటే అందరికీ నమ్మకం."

ఇన్‌స్పెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొంతు మళ్ళీ ఇన్‌స్పెక్టరు గొంతయింది. "సరే అక్కా. తప్పేమిటో తేలింది. చేసింది ఈ అమ్మాయే ఎందుకు కాకూడదు? నిద్ర లేదంది. తప్పు చేసింది, భయపడి పాతది చెరిపేసింది. నువ్వు కట్టిన లెక్కే నాకు సాక్ష్యం. పదకొండున్నరకి స్టేషనుకి తీసుకెళ్తాను."

"ఒరేయ్ మొద్దూ! రోజూ వండే మనిషి ఉప్పు ఎక్కువేస్తుంది, తక్కువేస్తుంది. పొయ్యి వెలిగించి గిన్నె పెట్టకుండా బియ్యం పొయ్యదు. ఇది పని వచ్చినవాళ్ళ తప్పు కాదు. వెనక నిలబడి ఏళ్ళ తరబడి చూసి, ఏది నొక్కితే ఏమవుతుందో తెలిసి, ఎందుకు నొక్కుతారో తెలియనివాళ్ళ తప్పు."

"అది నీ ఊహ. కోర్టులో ఊహలు చెల్లవు."

"నేను కోర్టు సంగతి ఆలోచించట్లేదురా. రెండింటి ఆపరేషను సంగతి ఆలోచిస్తున్నాను. డాక్టరు అడిగింది మొదటి మ్యాపు కాగితం, మన లెక్క కాదు."

ఆ మాటన్నప్పుడు ఆవిడ గొంతు వణికింది. అక్క గొంతు వణకడం ఇన్‌స్పెక్టరు జీవితంలో రెండుసార్లే విన్నాడు, అమ్మ పోయినప్పుడూ నాన్న పోయినప్పుడూ. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "పద," అన్నాడు. "కిందికేగా?"

*

స్కాను గది నేలమాళిగలో ఉంది. తలుపు ముందు చిన్న బల్ల, దాని మీద ప్లాస్టిక్ పళ్ళెం. లోపలున్నది పెద్ద అయస్కాంతం. ఇనుప ముక్క ఏదున్నా లాగేసుకుంటుంది కాబట్టి ఎవరైనా సరే తాళాలు, గడియారం, పిన్నులు అన్నీ ఆ పళ్ళెంలో వదిలి వెళ్ళాలి. ఇన్‌స్పెక్టరు నడుముకున్న పిస్తోలు చూసి కాపలా మనిషి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మీరు ఇక్కడే సార్. అది లోపలికొస్తే మీ చేతిలో ఉండదు."

పళ్ళెంలో ఒక కళ్ళద్దాల జత ఉంది. ఒక పక్క కాడ విరిగితే ఇనుప తీగతో కట్టుకున్నారు. డిటెక్టివమ్మ దాన్ని తీసి వెలుతురికి పట్టి చూసింది. తన అద్దాలకంటే రెట్టింపు మందం.

తలుపు తెరుచుకుని ఒకాయన వచ్చాడు. యాభై తొమ్మిదేళ్ళు, తెల్లటి కోటు, జేబులో ఇంకా విప్పని రంగు పెన్సిళ్ళ డబ్బా. ల్యాబంతా బాబాయ్ అని పిలిచే మనిషి. కళ్ళు చికిలించి, పళ్ళెంలో తడిమాడు. ఖాళీ పళ్ళెం.

"ఇవిగోండి," అని డిటెక్టివమ్మ ఆయన చేతిలోనే పెట్టింది. "నిన్న ఐదింటికి మేడమీదికి వెళ్ళినప్పుడు ఇవి ఇక్కడే మర్చిపోయారా?"

అద్దాలు పెట్టుకోబోతున్న చేతులు మధ్యలో ఆగిపోయాయి.

ఆయన బుకాయించలేదు. అబద్ధం ఆడడం ఆ మొహానికి చేతకాదు. గోడ పక్కనున్న బెంచీ మీద నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఆ అమ్మాయిని ఏమీ అనకండమ్మా. సోమవారం నేనే వచ్చి చెప్పేద్దామనుకున్నాను. పాప ఇంటికెళ్ళిపోయాక."

"ఎందుకు చేశారు?"

"ఆ పిల్లని చూశారా మీరు? వసపిట్టమ్మా. స్కాను మిషనులో పడుకోబెడితే అందరూ భయంతో బిగుసుకుపోతారు. ఇది నాతో మైకులో కబుర్లు చెబుతుంది. మిషను చప్పుడుకి పేరు పెట్టింది, పెద్దనాన్న గురక అని. తాతా, నీకు మీసాలెందుకు లేవు, తాతా, నువ్వు రాత్రి కూడా ఇక్కడే ఉంటావా, ఒకటేమిటి." ఆయన మొహంలో నవ్వు వచ్చి పోయింది. "బుధవారం మ్యాపు చేస్తూ అమ్మాయే అంది. మచ్చ మాట పలికే చోటుకి ఆనుకుని ఉంది, తీస్తే మాట పోయినా పోవచ్చు అని."

డిటెక్టివమ్మ ఆయన పక్కన కూర్చుంది. తొందరగా ఉన్నా తొందర పెట్టలేదు.

"మా ఆవిడకి పదకొండేళ్ళ క్రితం తలకి ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఒక్క మాట మిగిలింది. సరేలే. ఆకలా అంటే సరేలే. నొప్పా అంటే సరేలే. నామీద కోపమొచ్చినా సరేలే. పదకొండేళ్ళు. ఆ పిల్లకి కూడా అలా అవుతుందంటే నా చేతులు ఊరుకోలేదు. మచ్చే కనిపించకపోతే కత్తి ఎందుకు పెడతారు? మందులతో ఎలాగో నెట్టుకొస్తారు అనుకున్నాను. గట్టిగా ఇస్త్రీ చేస్తే చిన్నవి మాయమవుతాయని అమ్మాయి అంటుంటే విన్నాను. చేశాను. చూశాను. మాయమైంది." తలెత్తాడు. "ఇవాళ ఇంటికి పంపేస్తారుగా? అందుకే పెన్సిళ్ళు కొన్నాను."

డిటెక్టివమ్మ ఆ డబ్బా వైపు చూసింది. ఈయనకి తెలియదు. పొద్దున్న ఏడు నుంచి ఈ నేలమాళిగలో ఒకరి తర్వాత ఒకరికి స్కాన్లు తీస్తున్నాడు, పైన ఏం జరుగుతోందో ఈయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పక తప్పదు కాబట్టి ఆయన చెయ్యి పట్టుకుని చెప్పింది.

"బాబాయ్ గారూ, ముందున్న మచ్చ మాయమైంది. వెనక ఇంకోటి మొలిచింది. మీరు బొమ్మని తిప్పి చూడలేదు. ఇవాళ రెండింటికి అక్కడ కోస్తారు. చూపు ఉండే చోట."

ఆయన చేతిలోని అద్దాలు నేల మీద పడ్డాయి.

"బుధవారం మ్యాపు కాగితం మీద ఎక్కడైనా ఉందా? చెప్పండి. ఏడవడానికి తర్వాత టైముంటుంది."

"ఉంది... ఉందమ్మా." ఆయన గోడ పట్టుకుని లేచాడు. "అమ్మాయి ఒక కాపీ తీసి పెట్టింది. దాన్ని చింపబోయాను, చేతులు రాలేదు. పిల్ల మెదడు కదమ్మా అది. పాప బొమ్మలేసుకోడానికి నేను ఒకపక్క వాడేసిన కాగితాలిస్తుంటాను. వాటిల్లో కలిపి పాపకే ఇచ్చేశాను. తన మెదడు బొమ్మ వెనక తన బొమ్మలే వేసుకుంటుందని."

*

మేడమీది వార్డుకి మెట్లెక్కి వెళ్ళేసరికి పదకొండూ నలభై. పన్నెండో నంబరు మంచం ఖాళీగా ఉంది. పక్కన స్టూలు మీద పాప తల్లి, బస్సు కండక్టరు, డ్యూటీ దుస్తుల్లోనే కూర్చుని ఉంది.

"పాప ఏదమ్మా?"

"తీసుకెళ్ళారండి. ముందున్న కేసాయనకి జ్వరమట, మాది ముందుకి జరిపారు. పావుగంటైంది."

ఇన్‌స్పెక్టరు ఒక్క మాట అనకుండా థియేటరు వైపు పరుగెత్తాడు.

"పాప బొమ్మలు ఎక్కడున్నాయమ్మా?"

తల్లి దిండు కింద నుంచి కాగితాలు తీసింది. డిటెక్టివమ్మ ఒక్కొక్కటీ తిప్పింది. బస్సు బొమ్మ, వెనక మందుల జాబితా. అమ్మ బొమ్మ, వెనక పాత అప్లికేషను. మీసాలు లేని తాత, వెనక ఖాళీ. మిషను బొమ్మ, వెనక సెలవుచీటీ. నాలుగే.

"ఇంకోటి ఉండాలి!" అన్నాడు బాబాయ్. "దళసరి కాగితం!"

"నీలం పిట్ట బొమ్మా? అది డాక్టరుగారికిచ్చిందండి," అంది తల్లి బిత్తరపోయి. "ఆపరేషను గదిలో గోడకి అంటించకపోతే రానని మొండికేసింది. ఆయన సరేనని పట్టుకెళ్ళారు."

థియేటరు తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. నర్సు ఇన్‌స్పెక్టరుని గుమ్మం దాటనివ్వలేదు. ఆయన కార్డు చూపించాడు, గొంతు పెంచాడు, చివరికి చేతులు జోడించాడు. "మీరెవరైనా సరే, చెప్పులతో లోపలికి రావడానికి వీల్లేదు," అందామె. గోడకి ఉన్న ఫోను డిటెక్టివమ్మ లాక్కుంది. మాట్లాడుతున్నది అందరికీ వినబడే ఫోను అది.

"లోపలెవరమ్మా? నేనేమీ అడగను. గోడ మీద నీలం పిట్ట బొమ్మ ఉంటుంది. ఊడదీసి, వెనక్కి తిప్పి, డాక్టరుగారి కళ్ళ ముందు పెట్టు. అంతే. నీకు పుణ్యముంటుంది."

అవతల అడుగుల చప్పుడు. కాగితం చిరిగినట్టు చిన్న శబ్దం. బాబాయ్ గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు అక్క భుజం పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు ఆయనకే తెలియదు.

అప్పుడు ఫోనులోంచి ఒక సన్నటి గొంతు, కోపంగా వినబడింది.

"అయ్యో! తిప్పేశారేంటి? పిట్ట గోడకి కొట్టుకోదూ?"

వెనకాలే వచ్చిన తల్లి తలుపుకి చెవి ఆనించింది. పాపకి ఇంకా మత్తు ఇవ్వలేదు.

తర్వాత సర్జన్ గొంతు వచ్చింది. "ఎవరు మాట్లాడేది? ఇందులో బుధవారం తేదీ ఉంది. ఇది ఎవరు చేసిన మ్యాపు?"

"చెయ్యాల్సినవాళ్ళు చేసిన మ్యాపండీ," అంది డిటెక్టివమ్మ. "మీ దగ్గరున్నది తప్పు లెక్క. ఐదింటికి మిషను కూడా అదే చెబుతుంది."

పెద్ద ఊపిరి వినబడింది. "ఆపేస్తున్నాం. పాపని బయటికి పంపుతున్నాను." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "కానీ ఈ మ్యాపు నిజమైతే, సోమవారం నేను కత్తి పెట్టాల్సింది మాట పలికే చోటు పక్కనే. ఫిట్స్ ఇలాగే వస్తుంటే పిల్ల ఎన్నాళ్ళో బతకదు. ఆపలేను. ఆ సంగతి వాళ్ళమ్మకి మీరు చెప్పకండి, నేను చెబుతాను."

చెప్పనక్కరలేదు. ఫోను అందరికీ వినబడింది. తల్లి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

ఇన్‌స్పెక్టరు బాబాయ్ దగ్గరికి వచ్చి, జేబులోంచి బేడీలు తీశాడు. అక్క వైపు చూశాడు. మళ్ళీ జేబులోనే పెట్టేసుకున్నాడు. "స్టేషనుకి రావాలండీ," అన్నాడు. "తొందరేం లేదు."

ఫోనులో మళ్ళీ ఆ గొంతే. తాత బయట ఉన్నాడని ఎవరో చెప్పినట్టున్నారు.

"తాతా! ఉన్నావా? నాకివాళ కాదట, సోమవారమట. ఇక్కడ లైటు ఎంతుందో తెలుసా, మా ఇంట్లో బకెట్టంత. పెద్దనాన్న గురక లేదు ఇక్కడ. సోమవారం నువ్వు కూడా రావాలి. నేను పడుకునేదాకా కబుర్లు చెప్పాలి. తాతా, వింటున్నావా?"

డిటెక్టివమ్మ ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నట్టున్నాయి, పెదవులు ఊరికే కదిలాయి. చివరికి ఒక్క మాటే వచ్చింది.

"సరేలే," అన్నాడు.